చలికాలంలో ఇంటికి వెలుగు: ఫెంగ్ షుయ్ చెప్పే మార్గాల్లో మీ ఇంటికి ఏది తగును?

చలికాలంలో పగలు కుదించుకుపోయి, సాయంత్రం కాకముందే గదులు మసకబారడం మొదలైనప్పుడు, ఫెంగ్ షుయ్‌ను ఆశ్రయించేవారికి సలహాలకు కొదవ ఉండదు. అద్దం పెట్టమని ఒకరు, ఎర్రని దిండు గలీబులు తొడగమని మరొకరు, కిటికీలో స్ఫటికం వేలాడదీయమని ఇంకొకరు చెబుతారు. కొవ్వొత్తులు, మొక్కలు, దీపాలు సరేసరి. వీటన్నిటినీ ఒకేసారి అమలు చేసిన గది వెలుగుతో కాక వస్తువులతో నిండుతుంది. ఇంట్లో చి అనే ప్రాణశక్తి సాఫీగా కదలాలన్నది ఫెంగ్ షుయ్ మూలసూత్రం కాబట్టి, అలా కిక్కిరిసిన గది ఆ శాస్త్రం లెక్కలోనే తప్పు అవుతుంది. అందువల్ల ఒకటి రెండు మార్గాలను ఎంచుకుని మిగిలినవి వదిలేయడమే సరైన పద్ధతి. ఏవి ఉంచుకోవాలో, ఏవి వదిలేయాలో తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ పోలిక.

## వెలుగు వేరు, వెచ్చదనం వేరు

ఫెంగ్ షుయ్‌లో చలికాలానికి నీరు ప్రతినిధి. దాని దిక్కు ఉత్తరం, దాని రంగు నలుపు లేదా ముదురు నీలం. చల్లదనం, చీకటి, నిశ్చలత ప్రధానంగా ఉండే యిన్ స్వభావం ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 లేదా 22న, అంటే పగలు అతి తక్కువగా ఉండే రోజున, పరాకాష్ఠకు చేరుతుంది. అదే రోజున దానికి ఎదురైన, వెలుగు, వెచ్చదనం, కదలికల స్వభావమైన యాంగ్ తిరిగి మొలకెత్తుతుందని చైనా సంప్రదాయం చెబుతుంది. కాబట్టి చలికాలాన్ని ఇంట్లోంచి తరిమేయడం ఫెంగ్ షుయ్ ఉద్దేశం కాదు. విశ్రాంతికి తగిన ఋతువును అలాగే ఉండనిస్తూ, కొత్తగా పుట్టిన యాంగ్‌కు కొంత ఊతం ఇవ్వడమే దాని ఉద్దేశం.

పంచ తత్త్వాల వరుస తెలిస్తే ఆ ఊతం ఎలా ఇవ్వాలో అర్థమవుతుంది. నీరు కొయ్యను పెంచుతుంది, కొయ్య అగ్నిని రగిలిస్తుంది, అగ్ని మట్టిని మిగులుస్తుంది, మట్టి లోహాన్ని ఇస్తుంది, లోహం నీటిని పుట్టిస్తుంది. దీనికి ఎదురుగా మరో వరుస ఉంది. అందులో నీరు అగ్నిని ఆర్పుతుంది, మట్టి నీటిని అదుపు చేస్తుంది. నీటి కాలంలో నేరుగా అగ్నిని తెచ్చి కూర్చోబెడితే రెండింటికీ పొసగదు. మధ్యలో కొయ్య ఉంటే నీరు దానికి ఆహారమై, కొయ్య అగ్నికి ఆహారమవుతుంది. ఎర్రని వస్తువులు మాత్రమే నింపిన గదికన్నా, ఆకుపచ్చని మొక్క, కొయ్య బల్ల, వాటి పక్కన ఒక వెచ్చని దీపం ఉన్న గది హాయిగా అనిపించడానికి ఫెంగ్ షుయ్ చెప్పే కారణం ఇదే.

ఎంపికలో చాలామంది గమనించని చిక్కు ఇక్కడే వస్తుంది. గదిలో వెలుగును ఎక్కువగా పెంచేవి తెల్లని గోడలు, అద్దాలు. తత్త్వాల లెక్కలో తెలుపు లోహానిది, లోహం నీటికి తల్లి. అద్దాన్నీ గాజునూ ఎక్కువమంది నీటి కిందే లెక్కిస్తారు. అంటే వెలుగు కోసం మనం మొదట పట్టుకునే రెండు సాధనాలూ చలికాలపు చల్లదనాన్ని పెంచేవే. దీనికి భిన్నంగా, అగ్ని రంగైన ముదురు ఎరుపు వెచ్చగా కనిపిస్తుంది కానీ తనమీద పడిన వెలుగును మింగేస్తుంది. వెలుగు, వెచ్చదనం ఒకటే అనుకుని కొనడం వల్లే ఇల్లు కాంతిగా ఉన్నా బోసిగానో, వెచ్చగా ఉన్నా చీకటిగానో మిగిలిపోతుంది.

అందుచేత మొదట తెలుసుకోవలసింది మీ ఇంటికి ఏది కొరవడిందన్న సంగతి. ఎండ ఉన్న రోజున మధ్యాహ్నం దీపాలన్నీ ఆర్పి, మీరు ఎక్కువగా కూర్చునే చోట కూర్చుని పుస్తకం తెరవండి. చదవడానికి కళ్లు చికిలించవలసి వస్తే మీకు కావలసింది వెలుగు. హాయిగా చదవగలిగినా అక్కడ ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాకపోతే మీకు కావలసింది వెచ్చదనం. రెండూ లేనివారు ముందు వెలుగు సంగతి చూసుకోవాలి, ఎందుకంటే చీకట్లో ఏ రంగూ తన పని చేయలేదు.

## ఏ కొలమానాలతో పోల్చాలి?

మొదటి కొలమానం పైన చెప్పినదే: ఆ మార్గం ఇచ్చేది వెలుగా, వెచ్చదనమా? రెండవది, అది పనిచేసే వేళ. పగటి వెలుగును మళ్లించే సాధనం చీకటిపడ్డాక ఇంటికి చేరేవారికి ఉపయోగపడదు. మూడవది భద్రత, రోజువారీ శ్రద్ధ. నాలుగవది, ఋతువు మారగానే సులభంగా తీసేయగలగడం. ఈ చివరిదాన్ని తేలికగా తీసుకోకూడదు. చలికాలం కోసం చేసిన మార్పు వేసవిలోనూ అలాగే ఉంటే, అప్పుడు అగ్ని ఎక్కువై ఇల్లు చిరాకు పుట్టిస్తుంది.

కొలతల విషయంలో ఒక అంచనా మనసులో ఉంచుకోవడం మంచిది. ఒక చోట పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. నేరుగా పడే ఎండ సుమారు 1,00,000 లక్స్ వరకు ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట కొన్ని వేల లక్స్ వెలుగు ఉంటుంది. రాత్రివేళ మామూలు గదిలో ఉండేది ఎక్కువగా 100 నుంచి 300 లక్స్ మాత్రమే. బయటి వెలుగులో కొద్ది భాగాన్ని లోపలికి రానిచ్చినా అది ఎన్నో దీపాల పెట్టుగా ఉంటుంది.

## మొదటి మార్గం: కిటికీని, గుమ్మాన్ని విడిపించడం

నా దృష్టిలో మిగిలిన అన్నిటికన్నా ముందు చేయవలసింది ఇదే, పైగా ఏమీ కొననక్కర్లేదు. చలికాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగా నడుస్తాడు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద డిసెంబరు చివరి వారాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు దాదాపు 26.5 డిగ్రీలు మాత్రమే. అదే జూన్ చివరలో 73.5 డిగ్రీలు. దక్షిణం వైపు కిటికీ పై అంచు నేలకు 2 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, వేసవి మధ్యాహ్నపు ఎండ గదిలోకి అర మీటరుకు కాస్త పైగా వచ్చి ఆగిపోతుంది. చలికాలపు ఎండ నాలుగు మీటర్ల లోపలికి, అంటే దాదాపు ఎదుటి గోడ దాకా చేరగలదు. సంవత్సరంలో ఎండ ఇంట్లోకి ఇంత లోతుగా వచ్చే కాలం మరొకటి లేదు. ఆ దారిలో అడ్డుగా నిలిచే సోఫా వీపు, కిటికీ గట్టు మీద పేర్చిన పుస్తకాలు, సగం మూసిన మందపాటి పరదా ఆ అవకాశాన్ని పాడుచేస్తాయి.

పరదా కడ్డీ కిటికీ చట్రానికి సరిసమానంగా ఉంటే, పరదా తెరిచినా దాని మడతలు గాజును రెండు వైపులా కప్పుతూనే ఉంటాయి. కడ్డీని ఇరువైపులా 20 నుంచి 25 సెంటీమీటర్ల మేర పొడిగించి, మడతలు గోడ మీద నిలిచేలా చేస్తే కిటికీ మొత్తం బయటపడుతుంది. గాజును లోపలా బయటా తుడిచి, మధ్యాహ్నపు ఎండ నేల మీద ఎక్కడిదాకా వస్తోందో ఒకసారి చూడండి. ఆ వెలుగు పడే చోటు నుంచి ముదురు రంగు తివాచీని తీసి లేతరంగుది వేస్తే, నేల మీద పడిన ఎండ పైకప్పుకు ఎగసి గదంతా పరుచుకుంటుంది.

గుమ్మం సంగతి కూడా ఇందులోదే. ప్రధాన ద్వారం ముందూ లోపలా కొంత ఖాళీ, కొంత వెలుగు ఉండాలని ఫెంగ్ షుయ్ గట్టిగా చెబుతుంది. ఆ చోటును మింగ్ తాంగ్ అంటారు. చలికాలంలో ఇంట్లో అన్నిటికన్నా ముందు నిండిపోయేది ఇదే, ఎందుకంటే కోట్లు, బూట్లు, గొడుగులు, సంచులు అన్నీ అక్కడే చేరతాయి. వాటికి తలుపున్న ఒక అల్మారా చూపించి, ఆ రోజు వేసుకునేవి మాత్రమే బయట ఉంచితే, ఇంట్లో అడుగుపెట్టిన మొదటి క్షణమే మారిపోతుంది.

ఈ మార్గానికి ఒక పరిమితి ఉంది. పరదాలు తెరిచిన కిటికీ సందుల్లోంచి చలిగాలి వస్తే, వెలుగున్నా అక్కడ ఎవరూ కూర్చోరు. గాలికి చి చెదిరిపోతుందన్న మాట చైనా పండితుడు గువో పు (276–324) పేరిట నిలిచిన ప్రాచీన ఫెంగ్ షుయ్ పాఠంలోనే ఉంది, చలిగాలి కొడుతున్న కిటికీ పక్కన కూర్చున్నవారికి దాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. కిటికీ సందులను, తలుపు అడుగు భాగాన్ని మూసే పట్టీలు అతికించిన తర్వాతే పరదాల గురించి ఆలోచించండి.

## రెండవ మార్గం: దీపాలు

వెలుగునూ వెచ్చదనాన్నీ రెండింటినీ ఎక్కువగా ఇవ్వగల సాధనం ఇదొక్కటే. చీకటిపడ్డాక పనిచేసేది కూడా ప్రధానంగా ఇదే. అగ్ని తత్త్వానికి నిజమైన ప్రతినిధి ఎర్రని వస్తువు కాదు, వెలిగే వస్తువు. అందువల్ల అగ్నిని పెంచాలనుకునేవారు రంగులకన్నా ముందు దీపాలను చూడాలని నా గట్టి అభిప్రాయం.

దీపాల్లో సంఖ్యకన్నా స్థానం ముఖ్యం. పైకప్పు మధ్యలో ఉండే ఒకే దీపం నేలను, తలలను వెలిగించి గోడలను, మూలలను చీకట్లో వదిలేస్తుంది. గది ఎంత కాంతిగా ఉందో మన కన్ను తేల్చుకునేది గోడల మీది వెలుగును చూసే. కాబట్టి అదే మోతాదు వెలుగును రెండు మూడు చిన్న దీపాలుగా పంచడం మేలు. ఒకటి పైకప్పు వైపు వెలుగు చిమ్మేదిగా మూలలో, ఒకటి కూర్చున్నవారి కంటి ఎత్తున బల్ల మీద, ఒకటి గోడకు దగ్గరగా పెడితే గది పెద్దదై, వెచ్చనై కనిపిస్తుంది. పైకి ఎగసే వెలుగు చి శక్తిని పైకి లేపుతుందని ఫెంగ్ షుయ్ చెబుతుంది. పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న గదుల్లో, దూలాల కింద ఈ అమరిక ఫలితం వెంటనే కనిపిస్తుంది.

బల్బు పెట్టె మీద రాసి ఉండే, వెలుగు రంగును తెలిపే కెల్విన్ సంఖ్య చూడటం అలవాటు చేసుకోండి. 2,700 నుంచి 3,000 కెల్విన్ల మధ్య వెలుగు పసుపు ఛాయతో వెచ్చగా ఉంటుంది. 5,000 దాటినది తెల్లగా, నీలి ఛాయతో పగటి వెలుగులా ఉంటుంది. పగలంతా ఇంట్లో పనిచేసేవారికి పని బల్ల దగ్గర 4,000 కెల్విన్ల దీపం సరిపోతుంది. సాయంత్రం కూర్చునే గదిలో మాత్రం అది చలికాలపు చల్లదనాన్ని రెట్టింపు చేస్తుంది. పైగా రాత్రి పొద్దుపోయాక నీలి ఛాయ ఎక్కువగా ఉన్న వెలుగు నిద్రను తెచ్చే మెలటోనిన్‌ను అణచివేస్తుంది. ఒకే గదిలో పసుపు, తెలుపు బల్బులను కలిపి వేయడం వల్ల రెండు ప్రయోజనాలూ దక్కవు. వెలుగు తగ్గించుకోగల డిమ్మర్ ఉంటే సాయంత్రం నుంచి నిద్రవేళ దాకా యాంగ్ నుంచి యిన్‌కు మెల్లగా దిగవచ్చు.

## మూడవ మార్గం: అద్దాలు

అద్దం వెలుగును పుట్టించదు, ఉన్నదాన్ని మళ్లిస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. చీకటి మూలలో, చీకటి గోడకు ఎదురుగా వేలాడే అద్దం చీకటినే చూపిస్తుంది.

సాధారణంగా ఇచ్చే సలహా అద్దాన్ని కిటికీకి సరిగ్గా ఎదురుగా పెట్టమని. బయట ఆకాశమో చెట్లో కనిపించే కిటికీ అయితే అది మంచిదే, గదికి రెండో కిటికీ వచ్చినట్టు అవుతుంది. కానీ అలా పెట్టిన అద్దం వెలుగులో చాలా భాగాన్ని తిరిగి కిటికీ వైపుకే పంపిస్తుంది. గది లోపలి భాగం చీకటిగా ఉన్నవారికి అంతకన్నా మేలైన స్థానం కిటికీ పక్క గోడ. కిటికీ ఉన్న గోడకు లంబంగా ఉండే గోడ మీద, కిటికీకి దగ్గరగా అద్దం పెడితే, ఏటవాలుగా పడిన వెలుగు అదే ఏటవాలుతో గది లోతుల్లోకి వెళుతుంది. గోడకు మేకు కొట్టేముందు ఒక మనిషి అద్దాన్ని రెండు చోట్లా పట్టుకుని నిలబడితే, మరొకరు గది చివర కూర్చుని తేడా చూడవచ్చు.

అద్దంలో ఏం కనిపిస్తోందన్నది తర్వాతి ప్రశ్న. బట్టల కుప్పను చూపించే అద్దం ఆ కుప్పను రెండు చేస్తుంది. రాత్రి పరదా వేయని కిటికీ కూడా నల్లని అద్దమే. దానికి ఎదురుగా నిజమైన అద్దం ఉంటే నలుపు రెండింతలై, ఎంత దీపం పెట్టినా గది బావిలా అనిపిస్తుంది. చీకటిపడగానే లేతరంగు పరదా మూసేస్తే, బయటికి పోతున్న దీపపు వెలుగు కూడా గదిలోనే నిలుస్తుంది.

ప్రధాన ద్వారానికి సరిగ్గా ఎదురుగా అద్దం ఉంటే లోపలికి వచ్చే చి వెనక్కి మళ్లుతుందని, మంచానికి ఎదురుగా ఉంటే నిద్ర చెడుతుందని ఫెంగ్ షుయ్ నిషేధిస్తుంది. ఈ రెండు నియమాలనూ పాటించడమే మంచిదని నేను చెబుతాను. తలుపు తీయగానే ఎదురుగా కదిలే మనిషి రూపం, మసక వెలుగులో మంచం మీద నుంచి కనిపించే కదలిక ఎవరినైనా ఉలిక్కిపడేలా చేస్తాయి. అద్దం నీటి తత్త్వం కాబట్టి చలికాలంలో గదికి ఒకటి చాలు, దానికీ కొయ్య చట్రం ఉంటే ఆ చల్లదనం కొంత తగ్గుతుంది. ముఖం పెద్దదిగా చూపించే పుటాకార అద్దాన్ని మాత్రం ఎండ పడే చోట ఎప్పుడూ ఉంచకూడదు. అది ఎండను ఒక బిందువు వద్ద కేంద్రీకరించి నిప్పు పుట్టించగలదు.

## నాల్గవ మార్గం: రంగులు, బట్టలు

తెల్లని గోడ తనమీద పడిన వెలుగులో దాదాపు 80 శాతాన్ని తిరిగి గదిలోకి పంపిస్తుంది. ముదురు ఎరుపు గోడ 20 శాతం కూడా పంపదు. వెలుగు కావాలంటే తెలుపు, ఫెంగ్ షుయ్ వెచ్చదనం కావాలంటే ఎరుపు అన్న సందిగ్ధం ఇక్కడ పూర్తిగా బయటపడుతుంది. నా సలహా ఈ రెండింటికీ నడుమ ఉన్న మీగడ రంగు, లేత పసుపు, పీచు పండు రంగు. ఇవి మట్టి, అగ్ని తత్త్వాల పలచని ఛాయలు. మట్టి నీటిని అదుపు చేస్తుంది కాబట్టి ఋతువుకు తగినవి, తెలుపు పంపేంత కాకపోయినా వెలుగులో ఎక్కువ భాగాన్ని తిరిగి పంపుతాయి కాబట్టి గదికీ తగినవి. పైకప్పును మాత్రం తెల్లగానే ఉండనివ్వండి.

ఎరుపు, నారింజ రంగులను గోడలకు కాక తీసేయగల వస్తువులకే పరిమితం చేయాలి. రెండు దిండు గలీబులు, ఒక ఉన్ని దుప్పటి, ఒక దీపపు తొడుగు చాలు. తొడుగు ఎరుపైతే అది బల్బు వెలుగును కోసేస్తుందన్న సంగతి మరవకండి. వస్త్రాల్లో నేతకూ విలువ ఉంది. నిగనిగలాడే పట్టు వెలుగును మెరిపిస్తుంది, ముతక ఉన్ని దాన్ని పీల్చుకుని వెచ్చదనం ఇస్తుంది.

## మిగిలినవి: మంట, మొక్క, స్ఫటికం

కొవ్వొత్తిని వెలుగు కోసం ఎంచుకోవడంలో అర్థం లేదు. దాని నుంచి వచ్చే మొత్తం వెలుగు 12 ల్యూమెన్ల (దీపం వెదజల్లే వెలుగు కొలత) చుట్టుపక్కల ఉంటుంది, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది సుమారు 800 ల్యూమెన్లు. అయితే కదిలే మంట ఇచ్చే వెచ్చదనానికి సాటి వచ్చే బల్బు లేదు, అగ్నికి అంతకన్నా సూటి రూపమూ లేదు. మెలకువగా ఉన్న మనిషి ఎదుట, పరదాలకు దూరంగా, ఒక గంట వెలిగించి ఆర్పేయడం దాని సరైన వాడుక. తలుపులన్నీ మూసిన గదిలో గంటల తరబడి వెలిగిస్తే గాలిలో మసి చేరుతుంది.

మొక్కలు నీటికీ అగ్నికీ మధ్య వంతెన వంటివి. వెలుగు ఇవ్వకపోయినా, ఋతువులో ఎండిపోయిన ప్రాణకళను అవి ఇంట్లోకి తెస్తాయి. తక్కువ వెలుగులో బతికే మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జడ్‌జడ్ ప్లాంట్, అగ్లోనెమా చలికాలానికి నప్పుతాయి. ఈ కాలంలో వాటి పెరుగుదల మందగిస్తుంది కాబట్టి నీళ్లు తగ్గించాలి. ఎక్కువమంది మొక్కలను చలికి కాక అతిగా పోసిన నీళ్లకు పోగొట్టుకుంటారు. ఆకులు చల్లని గాజుకు తగలకూడదు. పైన చెప్పిన నాలుగూ పిల్లులకు, కుక్కలకు నమిలితే హాని చేసేవే. వాడిపోయిన మొక్కను ఉంచడంకన్నా ఆ చోటును ఖాళీగా వదలడం ఫెంగ్ షుయ్ ప్రకారం మేలు.

పలకలుగా చెక్కిన గాజు స్ఫటికాన్ని ఎండ పడే కిటికీలో వేలాడదీస్తే గోడల మీద ఇంద్రధనుస్సు ముక్కలు చెదురుతాయి. అది చూడముచ్చటైన విషయమే కానీ వెలుగు మొత్తం పెరగదు, ఎండ లేని కిటికీలో అది గాజు ముక్కగానే ఉండిపోతుంది. నునుపైన గాజు గోళాన్ని మాత్రం కిటికీలో పెట్టకండి. కిందుగా వచ్చే చలికాలపు ఎండ గోళం గుండా సాగి పరదా మీదో బల్ల మీదో కేంద్రీకృతమైతే మంటలు లేస్తాయి, అలాంటి ప్రమాదాలు జరిగాయి కూడా.

| మార్గం | వెలుగు | వెచ్చదనం | పనిచేసే వేళ | తత్త్వం | జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| కిటికీ, గుమ్మం విడిపించడం | చాలా ఎక్కువ | మధ్యస్థం | పగలు | ఏదీ కాదు, చి కదలిక | చలిగాలి సందులు |
| దీపాలు | ఎక్కువ | ఎక్కువ | ముఖ్యంగా సాయంత్రం | అగ్ని | బల్బు రంగు, స్థానం |
| అద్దాలు | స్థానాన్ని బట్టి | తక్కువ | పగలు, దీపం పక్కన రాత్రి | నీరు | తలుపు, మంచం ఎదురు వద్దు |
| లేత మట్టి రంగులు | మధ్యస్థం | మధ్యస్థం | ఎప్పుడూ | మట్టి | త్వరగా మార్చలేం |
| ఎర్రని వస్త్రాలు | లేదు | ఎక్కువ | ఎప్పుడూ | అగ్ని | మోతాదు |
| కొవ్వొత్తి | చాలా తక్కువ | చాలా ఎక్కువ | సాయంత్రం | అగ్ని | మనిషి ఎదుటే |
| మొక్కలు | లేదు | మధ్యస్థం | ఎప్పుడూ | కొయ్య | నీళ్లు, పెంపుడు జంతువులు |
| స్ఫటికం | చాలా తక్కువ | తక్కువ | ఎండ ఉన్నంతసేపు | వాడుకను బట్టి | గోళాలు వద్దు |

## ఏ మూలలో పెట్టాలి? రెండు పటాల తగువు

సాధనం ఎంచుకున్నాక ఇంట్లో ఏ భాగంలో పెట్టాలన్న ప్రశ్న వస్తుంది, ఇక్కడ సంప్రదాయాలు విడిపోతాయి. లువోపాన్ అనే దిక్సూచిని నమ్మే సంప్రదాయం ప్రకారం అగ్ని స్థానం దక్షిణం, నీటి స్థానం ఉత్తరం, కొయ్య స్థానాలు తూర్పు, ఆగ్నేయం. 1986లో అమెరికాలోని బర్క్‌లీలో ఆలయం స్థాపించిన లిన్ యున్ ప్రచారం చేసిన పద్ధతిలో దిక్కులతో పని లేదు. ప్రవేశ ద్వారం ఉన్న గోడ మధ్యభాగం నీటిది, దానికి ఎదుటి గోడ మధ్యభాగం అగ్నిది. ఒకే ఇంటికి ఈ రెండు పటాలూ వేర్వేరు మూలలను చూపించవచ్చు. రెండింటినీ కలిపి వాడితే గందరగోళం తప్ప ఫలితం ఉండదు.

అద్దె ఇంట్లో, ఒకే గదిలో ఉండేవారికి ద్వారాన్ని బట్టి చూసే పద్ధతి సులువు, ఎందుకంటే గదికి గది చొప్పున కూడా దాన్ని వాడుకోవచ్చు. సొంత ఇంట్లో ఎండ దారిని బట్టి గదులను సర్దుకునేవారికి దిక్సూచి పద్ధతి మేలు, ఎందుకంటే ఉత్తరార్ధగోళంలో దక్షిణం నిజంగానే ఎండ దిక్కు. దక్షిణార్ధగోళంలో ఉన్నవారికి అత్యల్ప పగలు జూన్ 21 ప్రాంతంలో వస్తుంది, మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. అక్కడ పటాన్ని తిప్పాలని కొందరు, తిప్పకూడదని కొందరు అంటారు. వెలుగు కోసమే ఈ ప్రయత్నం అయినప్పుడు ఎండ వచ్చే వైపును అనుసరించడమే న్యాయమని నేను అనుకుంటాను.

## మీ పరిస్థితికి తగినది

ఎండ అసలు పడని వైపు గది ఉన్నవారు కిటికీని పూర్తిగా విడిపించి, పక్క గోడకు కొయ్య చట్రం అద్దం పెట్టి, గోడలకు మీగడ రంగు వేయించుకోవాలి. ఈ గదిలో స్ఫటికం కోసం ప్రయాసపడనక్కర్లేదు. తెల్లని గోడలు ఇప్పటికే ఉండి రంగు మార్చే వీలు లేకపోతే, పసుపు ఛాయ బల్బులను గోడలకు దగ్గరగా పెట్టండి. సాయంత్రం ఆ తెలుపే మీగడ రంగులా మారుతుంది.

పొద్దుపోయాక మాత్రమే ఇంట్లో ఉండేవారికి అద్దాలు, కిటికీలు సెలవు రోజుల్లో తప్ప అక్కరకు రావు. వారు మొత్తం దృష్టి దీపాల మీద పెట్టాలి. గుమ్మం దగ్గర ఒక దీపానికి టైమర్ అమర్చి, ఇంటికి చేరే సమయానికి ముందే వెలిగేలా చేసుకుంటే, చీకటి ఇంట్లోకి అడుగుపెట్టే బాధ తప్పుతుంది. ఒంటరిగా ఉండేవారికి నేను మొదట సూచించేది ఇదే.

అద్దె ఇంటివారు గోడలకు మేకులు కొట్టకుండా, గోడకు ఆనించి నిలబెట్టే పొడవాటి అద్దం, నేల మీద నిలిచే దీపం, దుప్పట్లు ఎంచుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆనించిన అద్దం పడే ప్రమాదం ఉంది. గోడకు పట్టు వేయలేనప్పుడు దాన్ని వదులుకోవడమే మంచిది. పెంపుడు జంతువులున్నవారు మొక్కలకు బదులు కొయ్య బల్ల, వెదురు బుట్ట, ఆకుపచ్చని వస్త్రంతో కొయ్య తత్త్వాన్ని తెచ్చుకోవచ్చు.

పడకగదిని ఈ ప్రయత్నం నుంచి చాలావరకు మినహాయించండి. అది యిన్ స్థానం, విశ్రాంతికి చీకటి అవసరం. ఉదయం పరదా తెరవగానే వెలుగు మంచం మీద పడేలా చూసుకుని, రాత్రికి తలవైపు ఒక తక్కువ వెలుగు దీపం ఉంచితే చాలు. ఎర్రని దుప్పట్లు, అద్దాలు, పెద్ద దీపాలు ఆ గదిలోకి తేవద్దు.

ప్రతి చలికాలంలోనూ వారాల తరబడి దిగులు, అతినిద్ర, దేని మీదా ఆసక్తి లేకపోవడం వంటివి వచ్చేవారికి ఇంటి సర్దుబాటు ఒక్కటే సరిపోదు. 1984లో నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు వివరించిన ఋతు సంబంధ కుంగుబాటు ఒక వైద్య సమస్య. దానికి ఉదయం వేళ 20 నుంచి 30 నిమిషాలు 10,000 లక్స్ ప్రత్యేక దీపం ముందు కూర్చోబెట్టే చికిత్స ఉంది. మామూలు గది దీపాలు అంత వెలుగు ఇవ్వలేవు. కంటి జబ్బులు, ద్విధ్రువ మనోవ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని అడగకుండా అలాంటి దీపాన్ని వాడకూడదు. మధ్యాహ్నం ఆరుబయట కాసేపు నడవడం అందరికీ మేలు చేస్తుంది.

అత్యల్ప పగలు దాటిన రెండు నెలలకు సూర్యుడు గణనీయంగా పైకి వస్తాడు, ఎండ గదిలోకి చొచ్చుకొచ్చే దూరం తగ్గుతుంది. అప్పుడు అద్దం ఉన్నచోట వెలుగు పడుతోందో లేదో మరోసారి చూసి, అవసరమైతే కిటికీకి దగ్గరగా జరపాలి. ఎర్రని గలీబులు తీసి లేత ఆకుపచ్చవి తొడగవచ్చు, ఎందుకంటే వసంతం కొయ్య కాలం. మొక్కలకు నీళ్లు పెంచడం, గుమ్మం దగ్గరి టైమర్‌ను ఆలస్యంగా వెలిగేలా మార్చడం కూడా ఆ వారంలోనే చేసేయవచ్చు.